1975 ఏప్రిల్: తెలుగు మహాసభలు, ఆర్యభట ఒకే వారంలోనా?

గ్రంథాలయంలో పిల్లలకు క్విజ్ పెడుతున్నామని, సంస్కృతి, అంతరిక్షం రెండూ కలిసొచ్చే నెలగా 1975 ఏప్రిల్ పనికొస్తుందా అని అడిగారు. నిక్షేపంగా పనికొస్తుంది. తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి నెల దొరకదు.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 12న. రాక్షస నామ సంవత్సరం. ఆ రోజే హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు మొదలై 18 దాకా జరిగాయి. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. సభల భారమంతా మోసింది మాత్రం విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావు. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల వేడి పూర్తిగా చల్లారకముందే రెండు ప్రాంతాలవాళ్లనూ ఒకే పందిట్లో కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు, పిల్లలకు అది తప్పక చెప్పండి. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ ఈ సభల కోసమే రాశారని చాలామంది అనుకుంటారు. కాదు. శంకరంబాడి సుందరాచారి రాసిన ఆ పాటను టంగుటూరి సూర్యకుమారి 1940ల్లోనే పాడారు.

సభలు జరుగుతుండగానే 17న మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసులో కన్నుమూశారు. సభలు ముగిసిన మర్నాడు, 19న, మన దేశపు మొదటి ఉపగ్రహం ఆర్యభట ఎగిరింది.

ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ఆర్యభటను శ్రీహరికోట నుంచి పంపలేదు. సోవియట్ యూనియన్‌లోని కపూస్తిన్ యార్ నుంచి కాస్మోస్-3ఎం రాకెట్ మీద పంపారు. అప్పటికి శ్రీహరికోట నుంచి, పై వాతావరణాన్ని పరిశీలించి కిందికి పడిపోయే చిన్న సౌండింగ్ రాకెట్లే ఎగిరేవి. అక్కడి నుంచి మొదటిసారి ఉపగ్రహం కక్ష్యకు చేరింది 1980 జులై 18న, మన సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 మీద రోహిణి. అయినా శ్రీహరికోటను ఈ ప్రశ్నలోంచి తీసెయ్యకండి, ఆర్యభట సంకేతాలను అందుకున్న కేంద్రాల్లో అదొకటి.

ఉపగ్రహం బరువు సుమారు 360 కిలోలు, 26 ముఖాలు. పైనా కిందా ఉన్న రెండు తప్ప మిగతా 24 ముఖాలకూ సౌర ఘటాలే. అన్నీ కలిసి ఇచ్చింది 46 వాట్లు, అంటే ఇంట్లో మామూలు పాతరకం సీలింగ్ ఫ్యానుకు కూడా చాలదు. ఇస్రో శాస్త్రవేత్త యు.ఆర్. రావు బృందం దాన్ని బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో తయారుచేసింది.

‘ఎన్నాళ్లు పనిచేసింది?’ అనే ప్రశ్న మాత్రం జాగ్రత్తగా రాయండి. ఒకచోట 4 రోజులు, ఇంకోచోట 60 ప్రదక్షిణలు, మరోచోట 1981 మార్చి అని ఉంటుంది. మొదటి రెండూ ఒకటే: ఒక చుట్టుకు 96 నిమిషాలు, 60 చుట్లకు 5,760 నిమిషాలు, సరిగ్గా 4 రోజులు. ఎక్స్-రే ఖగోళం, సౌర భౌతికం, ఎగువ వాతావరణం మీద పెట్టిన పరికరాలు విద్యుత్ సరఫరా చెడిపోయి ఆగింది అప్పుడే. ఉపగ్రహ ప్రధాన వ్యవస్థలు మాత్రం 1981 మార్చి వరకు పనిచేశాయని ఇస్రో లెక్క. కాబట్టి ‘ప్రయోగాలు ఎన్ని రోజులు సాగాయి?’ అని అడిగితే గొడవ ఉండదు.

కష్టమైన ప్రశ్న ఒకటి కావాలంటే ఏప్రిల్ 5 తీసుకోండి. సోవియట్ వ్యోమగాములు లాజరెవ్, మకారోవ్‌లతో బయలుదేరిన సోయుజ్ రాకెట్లో రెండో దశ సరిగా విడిపోలేదు. వ్యోమనౌక కక్ష్యకు చేరకుండానే వెనక్కి వచ్చి అల్తాయ్ కొండల్లో దిగింది, ఇద్దరూ బతికారు. రెండు వారాలకే అదే దేశం ఆర్యభటను మోసుకెళ్లింది గానీ, రాకెట్ వేరు, ప్రయోగ కేంద్రం వేరు. ఈ రెండు ప్రయోగాలనూ కలిపేసి ప్రశ్న రాయకండి.

బొమ్మల రౌండ్‌కు పాత 2 రూపాయల నోటు వెనకవైపు చూపించండి, ఆర్యభట బొమ్మ ఉంటుంది.