యుద్ధాలు ఆపే ఉద్యోగం నిజంగా ఉందా? డిగ్రీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మాది తిరుపతి. మా పాప ఇక్కడే బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ తన సబ్జెక్టులు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిద్దామని నా ఆలోచన. తనేమో ఐక్యరాజ్య సమితిలో చేరి ఇరుగుపొరుగు దేశాల మధ్య యుద్ధాలు ఆపే పని చేస్తానంటోంది. ఐరాస ఏ యుద్ధాన్ని ఆపింది సార్? అసలు అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఐరాస ఏ యుద్ధాన్ని ఆపిందన్న ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీ పాప ఏం చదవాలో కూడా అందులోనే తేలుతుంది.

ఇరాన్, ఇరాక్ 1980లో యుద్ధానికి దిగాయి. 1987 జులైలో ఐరాస భద్రతా మండలి కాల్పులు ఆపాలంటూ 598వ తీర్మానం చేసింది. ఇరాక్ సరేనంది, ఇరాన్ ఏడాది పాటు ఒప్పుకోలేదు. ఆ ఏడాదంతా అప్పటి ప్రధాన కార్యదర్శి పెరెజ్ డి క్వెయార్ రెండు పక్షాలతో మాట్లాడుతూనే ఉన్నారు. యుద్ధానికి బాధ్యులెవరో నిష్పక్షపాతంగా విచారించే ఏర్పాటు ఇరాన్‌కు ముఖ్యం. ఆ సంగతీ తీర్మానంలోనే ఉంది. 1988 జులైలో ఇరాన్ ఒప్పుకుంది, ఆగస్టు 20న కాల్పులు ఆగాయి. యుద్ధంతో అలసిపోయింది ఆ రెండు దేశాలే, ఆపుకున్నదీ అవే. అయితే ఆపాలనుకున్న రోజున ఇద్దరూ పరువు పోకుండా ఒప్పుకోగల కాగితం సిద్ధంగా ఉంది. ఆ కాగితాన్ని తయారుచేసి పెట్టడమే మీ పాప చేస్తానంటున్న ఉద్యోగం. పొలం గట్టు తగాదాలో కూర్చున్న పెద్దమనుషుల చేతిలో లాఠీ ఉండదు కదా, ఇదీ అంతే.

మనకు దగ్గరి ఉదాహరణ సింధు జలాల ఒప్పందం. ప్రపంచ బ్యాంకు 1952లో భారత్, పాకిస్తాన్ ఇంజనీర్లను కూర్చోబెట్టింది. సంతకాలయ్యేసరికి 1960 సెప్టెంబర్ వచ్చింది. తూర్పు నదులు మూడు మనకు, పడమటి నదులు మూడు వాళ్లకు ప్రధానంగా దక్కాయి. పాకిస్తాన్ కొత్త కాలువలు, డ్యాములు కట్టుకోవడానికి బ్యాంకు దాతా దేశాల నుంచి నిధులు కూడగట్టింది. మన దేశమూ 6.2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. 1965, 1971, 1999 యుద్ధాలప్పుడు కూడా ఆ ఒప్పందం నిలబడింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. అరవై ఏళ్లకు పైగా నడిచిందంటే కారణం, నీటి లెక్కలు తెలిసినవాళ్లు కూర్చుని ఒక్కో నది గురించీ రాయడమేనని నా నమ్మకం.

విఫలమైనవీ పాప చదవాలి. ఇథియోపియా, ఎరిత్రియా యుద్ధాన్ని ఆఫ్రికా ఐక్యతా సంస్థ మధ్యవర్తిత్వంతో 2000లో అల్జీర్స్ ఒప్పందం ముగించింది. ఆ ఒప్పందం ప్రకారం ఏర్పడ్డ సరిహద్దు కమిషన్, గొడవకు మూలమైన బద్మె పట్టణం ఎరిత్రియాదని 2002లో తేల్చింది. ఇథియోపియా దాన్ని అమలు కానివ్వలేదు. మన జవాన్లు కూడా పనిచేసిన ఐరాస శాంతి దళం 2008లో వెనక్కి వచ్చేసింది. రెండు దేశాలూ రాజీపడింది 2018లో. ఇక మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సంగతికొస్తే, రెండు దేశాల మధ్య తగాదాలు చర్చకు రాకూడదని దాని చార్టర్‌లోనే రాసుకున్నారు.

అందుకే "ఐరాస ఉద్యోగం" అని గురి పెట్టుకోవద్దని పాపకు చెప్పండి. నీళ్లు, సరిహద్దు చట్టం, కాల్పుల విరమణ పర్యవేక్షణ, లేదా ఒక ప్రాంతం, దాని భాష... వీటిలో ఏదో ఒకటి లోతుగా తెలిసినవాళ్లే అక్కడ కావాలి. ఐరాసలో మధ్యవర్తిత్వ నిపుణుల బృందం ఒకటి 2008 నుంచి ఉంది. పిలుపు వస్తే 72 గంటల్లో బయలుదేరాలి. అందులో ఉండేది ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు, డిగ్రీ కాగానే ఎవరూ తీసుకోరు.

డిగ్రీ తర్వాత రెండు దారులు బాగుంటాయి. ఒకటి, కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి జేఎన్‌యూ లాంటి చోట ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ. రెండోది, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఆ తర్వాత అంతర్జాతీయ చట్టంలో ఎల్ఎల్ఎం. నన్నడిగితే రెండోదే. ఐరాసలో ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువే, లా డిగ్రీ ఉంటే ఇక్కడా బతుకుతెరువు ఉంటుంది. ఊళ్లోనే ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన కేంద్రం ఉంది. ఒకసారి వెళ్లి అక్కడి అధ్యాపకులతో మాట్లాడమనండి. ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టాలి, ఆఫ్రికాలో చాలాచోట్ల పనులకు అది లేకుండా కుదరదు.

ఐరాసలో తొలి స్థాయి ఉద్యోగాలకు పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు వయసు 32 దాటకూడదు. ఏ దేశాలవాళ్లు రాయొచ్చో ఏటా ప్రకటిస్తారు, మన దేశం ప్రతిసారీ ఉండదు. ఐరాస సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు, ఖర్చంతా మీదే. ఇంకొకటి గట్టిగా చెప్తున్నా: ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఏ దశలోనూ ఐరాస డబ్బు అడగదు. ఎవరైనా ఫీజు అడిగితే అది మోసమే.

గ్రూప్స్ మాటేమిటంటారా? పాలిటీ, ఎకానమీ, చరిత్ర ఎలాగూ చదవాలి, ఆ చదువు వృథా పోదు. అదే పునాదితో సివిల్స్ రాస్తే విదేశాంగ సర్వీసు ఉంది. చర్చల బల్ల దగ్గర దేశం తరఫున కూర్చునేది ఆ అధికారులే. పాప కోరికకూ మీ కోరికకూ మధ్య దూరం మీరనుకున్నంత లేదు.

ఈ సెలవుల్లో ఒక పని ఇవ్వండి. పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడులోకి వెళ్తుంది. ఆ నీళ్ల మీద మనకూ తమిళనాడుకూ గొడవ ఉంది. ఇరుపక్షాల వాదనలూ చదివి, ఇద్దరూ ఒప్పుకునే ముసాయిదా ఒకటి పది పేజీల్లో రాయమనండి. మన రాష్ట్రం అమ్మాయే అయినా తమిళనాడు వాదనను తక్కువ చేసి రాయకూడదు. రాశాక నాకు పంపండి, చదివి నా అభిప్రాయం చెప్తాను.