పీలేరు లైను మీద నీ వ్యాసం చదివాక

తిరుపతి

చిరంజీవికి,

పాకాల - ధర్మవరం రైలు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'పచ్చని తివాచీ' మూడుచోట్ల పరిచావు. అది మన సీమ నాయనా! వాన పడకపోతే శెనక్కాయ చేను ఎర్రమట్టిలో కలిసిపోయుంటుంది. నువ్వు పోయింది ఏ నెలలో? అదొక్కటే రాయలేదు. నా మొదటి వ్యాసంలో నేను సీతాఫలాలను ఉగాదికే పండించేశాను. మా అమ్మ ఏడాదిపాటు నవ్వింది.

దామలచెరువు మామిడి తోటలు 'నయనానందకరం' అన్నావు. ఎండాకాలంలో అక్కడ దిగుంటే మండీల ముందు ట్రాక్టర్లు, కాయల జిగురు వాసన దొరికేవి. ఆ మాట అవసరమయ్యేది కాదు.

నాకు బాగా నచ్చింది మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగి "ఊరేదబ్బా?" అన్న ముసలాయన. ఆయన్ని అక్కడే వదిలేసి వచ్చేశావు! స్టేషన్ పేరు చివర 'రోడ్డు' అని ఉంటే ఊరు అక్కడ లేదు, ఊరికి పోయే దారి ఉందని. మదనపల్లెకు పోవాలంటే ఆ స్టేషనుండే సీటీఎం (చిన్నతిప్పసముద్రం) దగ్గర దిగి మళ్లీ బండెక్కాల్సిందే. ఆయనతో పాటు ఆటోలో కూర్చోనుంటే, పట్టాలు ఊళ్లోకి ఎందుకు రాలేదన్న ప్రశ్న నీకే పుట్టేది. చరిత్ర అక్కడి నుంచి మొదలయ్యేది. నువ్వేమో దాన్ని చివర్లో స్కూలు పాఠంలా అతికించావు.

అదీ సగమే. 1876-78 ధాత కరువులో జనం మాడిపోయాక, 1880 నాటి కరువు కమిషన్ ఇలాంటి ప్రాంతాలకు గింజలు చేర్చే రైళ్లు కావాలంది. 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ ఇక్కడ వేసింది మీటరు గేజి. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లే. ఖర్చు తక్కువ, గుట్ట అడ్డొస్తే తవ్వే బదులు చుట్టి పోవచ్చు. కిటికీలోంచి నువ్వు మురిసిపోయిన వంపుల వెనక ఈ లెక్క కూడా ఉండొచ్చు కదా, ఒకసారి ఆలోచించు. 2010 నాటికి అది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి అయింది. పాత బండి ఎక్కినవాళ్లు పీలేరులో, కలికిరిలో ఇంకా ఉన్నారు. వాల్మీకిపురంలో అడిగేటప్పుడు మాత్రం వాయల్పాడు అను, మాట తొందరగా కలుస్తుంది.

ఇంకోసారి పోయి రా. ఈసారి ప్యాసింజరులోనే పో. మామిడికాయల కాలమైతే దామలచెరువులో దిగి నాకో రెండు కేజీలు పట్టుకొచ్చినా కాదనను.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన