సైన్స్ ఫిక్షన్ రచయితకు పేరు ఆలస్యంగా ఎందుకు వస్తుంది?

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లను మొదట్లో ఎవరూ పట్టించుకోరు, ఏళ్లు గడిచాక పెద్ద రచయితలంటారు, ఎందుకని అడిగారు. నాకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ, మరాఠీలో సైన్స్ ఫిక్షన్ రాసిన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బడి లైబ్రరీలో ఆయన కథలు చదివి, రాత్రి చెల్లెలికి తెలుగులో చెప్పేవాణ్ణి. మా పెద్దవాళ్ల దృష్టిలో ఆయన గొప్ప శాస్త్రవేత్త, అంతే. ఆ కథలు పిల్లలు చదువుకునేవి అనుకునేవారు.

శాస్త్రవేత్తగా ఆయనకు 1965లోనే పద్మభూషణ్ వచ్చింది. ఆ పేరు చూసి ఎవరూ తన కథను మెచ్చుకోకూడదని ఆయన అనుకున్నారు. అందుకే 1974లో మరాఠీ విజ్ఞాన్ పరిషద్ పోటీకి ‘కృష్ణవివర్’ (బ్లాక్ హోల్) కథను నారాయణ్ వినాయక్ జగతాప్ అనే మారుపేరుతో పంపారు. చేతిరాత గుర్తుపడతారేమోనని భార్యతో రాయించారట! దానికి మొదటి బహుమతి వచ్చింది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. సాహిత్య అకాడమీ అవార్డు 2014లో వచ్చింది, అదీ ఆత్మకథకు. 2021లో నాసిక్‌లో జరిగిన అఖిల భారతీయ మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మొదటి కథకూ దీనికీ మధ్య 47 ఏళ్లు.

ఆ మధ్యకాలంలో చదివే పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నాతో చదివినవాళ్లలో కొందరు ఇప్పుడు బిలోలి, దెగ్లూర్ వైపు మరాఠీ టీచర్లు. వాళ్లు క్లాసులో ఆ కథలు చెబుతారు, ఇది పిల్లల సాహిత్యమని తీసిపారేయరు. అభిప్రాయం మారాలంటే ఒక తరం పడుతుందని నా నమ్మకం.

రెండో కారణం ఈ తరహా రచనకే ప్రత్యేకం. కథలో ఊహించిన కాలం నిజంగా వచ్చేస్తుంది. అమెరికా రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’ కథ 2024లో మొదలవుతుంది. ఎండిపోతున్న నేల, కూలిపోతున్న ఊళ్లు అందులో ఉంటాయి. ఆవిడ 2006లో పోయారు. ఆ నవల న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది 2020లో. ఆవిడ అది చూసుకోలేకపోయారని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నార్లీకర్ ‘వామన్ పరత్ న ఆలా’ నవలలో తవ్వకాల్లో దొరికిన పాత పరిజ్ఞానంతో ఒక రోబోను తయారుచేస్తారు. ఏఐ గురించి ఇంత చర్చ జరుగుతున్న రోజుల్లో మళ్లీ చదివితే, చిన్నప్పుడు తట్టని భయం పట్టుకుంది.

మీరూ రాస్తుంటే, పోటీలతో పాటు దగ్గర్లోని హైస్కూల్ లైబ్రరీకి కూడా రెండు కాపీలు ఇవ్వండి.