టెక్ సందేహాలు: మోటారు అచ్చయింది, అచ్చిరాలేదు

ప్రశ్న: ఇంట్లో తాతల నాటి చిన్న బ్యాటరీ మోటారు ఉంది. గుర్రపు నాడా ఆకారంలో పోత ఇనుము చట్రం, రెండు కాయిళ్లు, మధ్యలో మూడు పళ్ల రోటరు. రోటరు ఇరుసును పట్టి ఉంచే బేరింగు పట్టీ విరగడంతో చట్రం మొత్తాన్నీ కంప్యూటర్లో గీయించి, ఆన్‌లైన్‌లో స్టీలుతో మెటల్ ప్రింట్ చేయించాను. చూడ్డానికి అచ్చం పాతదే. కొత్తగా వైండింగ్ చేయించి 6 వోల్టులు ఇస్తే కాయిళ్లు వేడెక్కుతున్నాయి, రోటరు మాత్రం ఉలకదు పలకదు. వైండింగ్ తప్పా? — తార్నాక పాఠకుడు

జవాబు: వైండింగ్ చేసినతన్ని తిట్టే ముందు ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి తెచ్చి కొత్త చట్రానికి ఆనించండి. జారి కింద పడుతుంది. పాత చట్రానికి ఆనిస్తే టక్కున అతుక్కుంటుంది. జబ్బు అక్కడుంది. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, ప్రతిసారీ ఆర్డరు ఫారంలో కనిపించేది ఒకటే: స్టెయిన్‌లెస్ స్టీల్ 316ఎల్. తుప్పు పట్టదు, బాగా ప్రింట్ అవుతుంది, జాబితాలో పైనే ఉంటుంది. అయస్కాంతం విషయానికొస్తే మాత్రం దానికీ ఇత్తడికీ పెద్ద తేడా లేదు.

మోటారు చట్రం కాయిళ్లను నిలబెట్టే స్టాండు కాదు. ఒక కాయిల్ నుంచి బయల్దేరిన అయస్కాంత ప్రవాహం, అంటే ఫ్లక్స్, పోల్‌లోంచి (రోటరు పక్కనుండే చట్రం కొన) రోటరులోకి, అటునుంచి రెండో పోల్‌లోకి, చివరికి నాడా వంపులోంచి మొదటి చోటికి చేరాలి. ఆ దారంతా ఇనుము ఉండాలి. పోత ఇనుము గాలికన్నా వందల రెట్లు తేలిగ్గా ఫ్లక్స్‌ను మోస్తుంది. 316ఎల్ గాలితో సమానం. అందుకే మీరిచ్చిన కరెంటంతా తీగను వేడి చేయడానికే పోతోంది.

అసలు విచిత్రం వేరే ఉంది. విరిగింది బేరింగు పట్టీ ఒక్కటే. 316ఎల్ సరిగ్గా సరిపోయే భాగం కూడా అదొక్కటే! రెండు పోళ్ల మీదుగా అడ్డంగా వెళ్లే ఆ పట్టీ ఇనుముదైతే ఫ్లక్స్ రోటరులోకి వెళ్లకుండా పట్టీలోంచి అడ్డదారి పడుతుంది. పాత మోటార్లలో ఆ పట్టీ తరచు ఇత్తడితో ఉండటానికి ఇదీ ఒక కారణం. కాబట్టి కొత్త చట్రంలోంచి బేరింగు పట్టీని కోయించి పాత చట్రానికి బిగించండి. ప్రింటులో రంధ్రాలు ఎప్పుడూ కాస్త ఇరుగ్గా, గరుగ్గా వస్తాయి. 6 మిల్లీమీటర్ల బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) పట్టాలంటే ఫైల్లో 5.5 పెట్టి, తర్వాత డ్రిల్లు, ఆపైన రీమరు (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నున్నగా చేసే పనిముట్టు) వేయించాలి. నూనె రంధ్రాన్ని ప్రింట్ చేయించొద్దు, 1 మిల్లీమీటరు డ్రిల్లుతో తర్వాత వేయించుకోండి.

చట్రం మొత్తం కొత్తగా కావాల్సిందే అంటారా, మెటల్ ప్రింటింగ్ జోలికి పోకండి. 17-4 పీహెచ్ అనే మరో ప్రింటింగ్ స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది, మోటారు తిరుగుతుంది కూడా, కానీ పోత ఇనుమంత బాగా అది ఫ్లక్స్‌ను మోయలేదు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. మామూలు ప్లాస్టిక్ ప్రింటర్‌లో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు తీయడానికి వాడే నమూనా) తీయించండి. ఇనుము చల్లారాక సుమారు 1 శాతం కుంచించుకుపోతుంది కనుక 100 మిల్లీమీటర్ల భాగాన్ని 101కి గీయాలి. ఇసుకలోంచి ప్యాటర్న్ ఊడిరావడానికి నిలువు గోడలకు 2 డిగ్రీల ఏటవాలు, మెషినింగ్ చేసే ముఖాలకు 2 మిల్లీమీటర్ల అదనపు మందం ఇవ్వండి. ప్రింటు గీతలు ఇసుకలో కూడా పడతాయి కాబట్టి లప్పం పూసి ఎమరీతో నున్నగా రుద్దాలి. బాలానగర్, జీడిమెట్ల వైపు ఒక్క పీసు పోసిపెట్టే ఫౌండ్రీ దొరకడానికి నాలుగు గుమ్మాలు ఎక్కాల్సి రావచ్చు. ఎక్కండి.

రోటరును కూడా ప్రింట్ చేయించొద్దు. గట్టి ముద్దలో ఎడ్డీ కరెంట్లు (లోహంలోనే సుడులు తిరిగే కరెంట్లు) పుట్టి వేడెక్కుతుంది. 0.5 మిల్లీమీటర్ల సిలికాన్ స్టీల్ రేకును వైర్‌కట్ (సన్నని తీగతో కరెంటు కోత) చేయించి, అంచుల గరుకు తీసి, వార్నిష్ పూసి 24 బిళ్లలు పేరిస్తే 12 మిల్లీమీటర్ల కోర్ వస్తుంది. రోటరు 30 మిల్లీమీటర్లుంటే పోళ్ల మధ్య బోరు 30.8, అంటే చుట్టూ 0.4 సందు. ఆ బోరును పోళ్లు చట్రానికి బిగించాకే లేతు మీద తిప్పించాలి. విడివిడిగా చేయించి బిగిస్తే రోటరు ఒక పక్క రాసుకుంటుంది.

వైండింగ్ లెక్క ఒకసారి చూడండి. 26 గేజి ఎనామిల్ తీగ మీటరుకు సుమారు 0.105 ఓములు. ఒక్కో ఫీల్డ్ కాయిల్‌కు 200 చుట్లు, సగటు చుట్టు 60 మిల్లీమీటర్లు అనుకుంటే 12 మీటర్లు, 1.26 ఓములు. రెండూ సిరీస్‌లో రెండున్నర. రోటరు కలిపితే మూడుకు కాస్త తక్కువ. 6 వోల్టుల దగ్గర రోటరు ఆగిపోతే 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 12 వాట్లు వేడిగా మారుతుంది. అందుకే పరీక్షించేటప్పుడు కరెంటు పరిమితి ఉన్న పవర్ సప్లై వాడి 1.5 ఆంపియర్ల దగ్గర కట్టడి పెట్టండి. ఆ కాలపు బైక్రోమేట్ సెల్ (ఆమ్ల ద్రావణంతో పనిచేసే పాత రకం బ్యాటరీ) ఒక్కోటి సుమారు 2 వోల్టులే ఇచ్చేది. ఇలాంటి మోటారును గోడ ప్లగ్గుకు తగిలించడం చావుతో చెలగాటం.

రోటరు పెట్టే ముందు ఇంకో పని చేయండి. ఫీల్డ్ కాయిళ్లకు మాత్రమే 1 ఆంపియర్ ఇచ్చి, జేబు దిక్సూచిని మెల్లగా ఒక పోల్ దగ్గరికి, తర్వాత రెండో దాని దగ్గరికి తీసుకెళ్లండి. మొదటి దగ్గర ముల్లు ఎర్ర కొన అటు తిరిగితే, రెండో దగ్గర తెల్ల కొన తిరగాలి. రెండు చోట్లా ఎర్ర కొనే తిరిగిందా? ఒక కాయిల్ తీగ చివరలు తారుమారయ్యాయి. మార్చి కలపండి.

బాలాపూర్‌లో లోహపు పొడుల మీద పనిచేసే ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధానీ ఉన్న హైదరాబాద్ మనది. ఇక్కడి అంతరిక్ష కంపెనీ స్కైరూట్ రాకెట్ ఇంజన్లనే ప్రింట్ చేస్తోంది. ఇక ఆన్‌లైన్ ప్రింటింగ్ సైట్లు గోడ మందాన్ని సెకనులో కొలిచి ఎర్ర గుర్తు పెడతాయి, 'ఈ భాగం దేనికి' అని ఒక్క గడి మాత్రం పెట్టవు. ఆ ఒక్క ప్రశ్న ఉంటే సగం ఉత్తరాలు నాకు వచ్చేవి కావు.

ప్రశ్న: ఫోన్‌తో స్కాన్ చేసి ఎస్‌టీఎల్ ఫైలు (ఆకారాన్ని చిన్న త్రికోణాలుగా దాచే 3డీ ఫైలు) పంపితే, 4 అంగుళాల మోటారు ప్రింటింగ్ వాళ్ల స్క్రీన్ మీద 4 మిల్లీమీటర్లు చూపిస్తోందట. తప్పెవరిది? — కూకట్‌పల్లి

జవాబు: ఫైలుది. ఎస్‌టీఎల్‌లో అంకెలే ఉంటాయి, కొలమానం ఉండదు. 4 అని ఉంటే అది అంగుళాలో మిల్లీమీటర్లో తెరిచే సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటుంది. స్టెప్ అనే ఇంకో రకం డిజైన్ ఫైలు పంపండి, దాంట్లో కొలమానం ఉంటుంది, వంపులు కూడా ముక్కలు ముక్కలుగా కాక అసలు వంపులుగానే వెళ్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మెయిల్లోనూ రాయండి.

ఫోన్ స్కాన్‌ను ఆకారం తెలుసుకోవడానికి వాడుకోండి, కొలతలకు వద్దు. నల్లటి, మెరిసే లోహం మీద అది అర మిల్లీమీటరు తప్పడం మామూలే. కొలతలకు వెర్నియర్, రంధ్రాలకు డ్రిల్ బిట్ల వెనక కాడలు: ఏది బిగుతుగా దిగితే అదే సైజు. అరిగిన బేరింగు కోడిగుడ్డులా ఉంటుంది, దాన్ని అలాగే గీసేవాళ్లున్నారు! అరగని పక్క కొలిచి గుండ్రంగా గీయాలి. బ్రిటిష్ మోటార్లయితే 5/32 అంగుళం షాఫ్టు 3.97 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్ల రాడ్డు ఆ బుష్‌లో దూరదు. స్క్రూలు బీఏ (పాత బ్రిటిష్ కొలత) మరలవి కావచ్చు: 4బీఏ వ్యాసం 3.6, పిచ్ 0.66. దాంట్లో మెట్రిక్ ఎం3.5నో ఎం4నో బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. మరలను ఎప్పుడూ ప్రింట్ చేయించొద్దు, రంధ్రం చిన్నగా ఉంచి ట్యాప్ (మర కోసే పనిముట్టు) వేయించండి.

ప్రశ్న: అమీర్‌పేటలో క్యాడ్ (కంప్యూటర్లో డిజైన్లు గీయడం) నేర్చుకుంటున్నాను. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టిట్యూట్‌లో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపవచ్చా?

జవాబు: వద్దు. ఈ వారం ఉత్తరాలన్నిటిలో నన్ను భయపెట్టింది ఇదే, ఎందుకంటే రాసినవాళ్లకు భయం లేదు.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ పక్కనే టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంటుంది. చూశారా? తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం ఎవరి నుంచి దాచడానికి? మీ నుంచి కాదు, జిప్ లోపలికి తొంగిచూడాలనుకునే యాంటీవైరస్ నుంచి. తర్వాత 'అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి' అంటుంది. మీరు ఊ అంటే ఇంటి తాళాలు ఇచ్చినట్టే. క్రాక్ (లైసెన్సు లేకుండా సాఫ్ట్‌వేర్ తెరిపించే దొంగ ప్రోగ్రాం) నిజంగానే పనిచేస్తుంది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, మీరు సంబరపడతారు. దాంతోపాటు దిగిన చిన్న ప్రోగ్రాం బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను, కుకీలను మూట కట్టి పంపేసి తనను తానే చెరిపేసుకుంటుంది. తర్వాత స్కాన్ చేస్తే ఏమీ దొరకదు.

కుకీల సంగతి చాలామందికి తెలియదు. మీరు ఒకసారి లాగిన్ అయి ఓటీపీ కొట్టాక, మళ్లీ అడగకుండా ఉండటానికి బ్రౌజర్ దగ్గర ఉండే చీటీ అది. ఆ చీటీ దొంగిలిస్తే వాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అసలే అక్కర్లేదు. 'నాకు ఓటీపీ రాలేదు కదా, ఎలా దూరారు' అని అడిగేవాళ్లందరికీ చాలాసార్లు జవాబు ఇదే.

ఇప్పటికే ఆపేసి నడిపి ఉంటే ఆ కంప్యూటర్ వైఫై తీసేయండి. వేరే ఫోన్‌లోంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, 'అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్' నొక్కండి. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే ఆ పాత చీటీ కొన్ని చోట్ల ఇంకా చెల్లుతూనే ఉంటుంది. మెయిల్ సెట్టింగుల్లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ చిరునామా, రికవరీ నంబరు ఉన్నాయేమో చూడండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి సిస్టమ్ మళ్లీ ఎక్కించండి. డ్రాయింగులు కాపీ చేసుకోండి, ఇన్‌స్టాలర్లు ఒక్కటీ వద్దు.

ఇంతా చేసి ఒక మోటారు చట్రం గీయడానికా! ఫ్రీక్యాడ్ ఉచితం. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో, ముందు గీసిన స్కెచ్ మారిస్తే తర్వాతి భాగాలన్నీ చెదిరిపోయే పాత జబ్బు చాలావరకు నయమైంది. స్కెచ్ గీసి మందం ఇవ్వడం, అంచులు గుండ్రం చేయడం, స్టెప్ ఫైలు తీయడం, మోటారుకు కావాల్సింది ఇంతే. ఫీజు వేలల్లో తీసుకుని దొంగ సాఫ్ట్‌వేర్ పంచే ఇన్‌స్టిట్యూట్లు ఈ మాట మాత్రం చెప్పవు.

ప్రశ్న: బ్యాటరీ ప్లస్, మైనస్ మార్చినా మోటారు అదే దిక్కు తిరుగుతోంది. — మల్కాజిగిరి

జవాబు: ఫీల్డ్ కాయిళ్లున్న సిరీస్ మోటారు అంతే. బ్యాటరీ మారిస్తే ఫీల్డ్, రోటరు రెండూ కలిసి మారతాయి. బ్రష్‌లకు వెళ్లే రెండు తీగలను మాత్రమే అటూఇటూ మార్చండి.

ప్రశ్న: నూరేళ్ల నాటి మోటారును మంచి స్కానింగ్ కోసం విదేశానికి కొరియర్ చేయవచ్చా?

జవాబు: చేయకండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందకు రావచ్చు, అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఇక్కడే కొలిపించండి. నకలు తయారయ్యాక పీఠం అడుగున సంవత్సరం లోతుగా చెక్కించండి, రేపు ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో అది 'అసలు పాతది' అయిపోకుండా.

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న రిమోట్ ఫ్యాన్ ఉరుముల వానలో ఆగిపోయింది. మెకానిక్ బోర్డు పోయిందన్నాడు. బోర్డు విడిగా దొరకదంటున్నారు. ఆ మోటారును కూడా ప్రింట్ చేసుకోవచ్చా? — ఉప్పల్

జవాబు: మీ మోటారుకు ఏమీ కాలేదు, అదే బాధ. రాగి బాగుంది, అయస్కాంతాలు బాగున్నాయి, బేరింగులు బాగున్నాయి. పోయింది అరచేతంత బోర్డు. దాన్ని నల్లటి జిగురులో ముంచి గడ్డకట్టించారు, తేమ పట్టదట. నిజమే, తేమతోపాటు సోల్డరింగ్ ఐరన్ కూడా లోపలికి పోదు. 75 వాట్ల చోట 30 వాట్లతో తిరిగే ఫ్యాన్ మంచిదే, కాదనను. కానీ ఏడాదికో బోర్డు డిజైను మార్చి, పాతదానికి విడి బోర్డు అమ్మకపోవడాన్ని సాంకేతికత అనలేం. పాత ఫ్యాన్‌లో తరచుగా పోయేది 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్, వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, రెండు తీగలు కలిపితే చాలు.

ముందు రిమోట్ సెల్ మార్చి, స్విచ్ వేసిన కొన్ని సెకన్లలో మాన్యువల్‌లో చెప్పినట్టు మళ్లీ జత చేసి చూడండి. కరెంటు హెచ్చుతగ్గుల తర్వాత కొన్ని మోడళ్లు రిమోట్‌ను మరిచిపోతాయి. అయినా తిరగకపోతే బిల్లు మీది మోడల్ నంబరుతో కంపెనీకి రాతపూర్వకంగా బోర్డు అడగండి. మళ్లీ కొనేటప్పుడు షాపులో రిమోట్‌ను పక్కన పెట్టించి, గోడ స్విచ్ ఒక్కదాంతో ఫ్యాన్ తిరిగి, వేగం మారుతుందో లేదో చూసి కొనండి.