రాత్రిళ్ళు బీటా వెర్షన్లు టెస్ట్ చేస్తున్నాడు, రూపాయి రాదంటాడు, ఏం చేయమంటారు?

పలాస నుంచి ఒక అన్నయ్య వాయిస్ మెసేజ్ పెట్టారు. చిన్న జీడిపప్పు బట్టీ ఉందట, కొడుకు బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఆయన మాటల్లోనే పెడతాను, ఎందుకంటే ఇదే బాధ చాలామంది ఇళ్ళల్లో ఉంది:

"మేడమ్, మావాడు వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఒకటి కొన్నాడు, సర్వర్ అంటాడు, రాత్రి రెండింటి వరకు దాని ముందే ఉంటన్నాడు. ఏటి చేస్తన్నావురా అంటే ప్రాక్స్‌మాక్స్ బీటా టెస్టింగ్ అంటాడు, డబ్బులిస్తారా అంటే ఇవ్వరంటాడు. ఎవుడిదో సాఫ్ట్‌వేర్‌లో తప్పులుంటే ఈడికెందుకు మేడమ్? పోయిన సెమ్‌లో రెండు సబ్జెక్టులు ఉండిపోనాయి, అందులో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్స్. మా తోడల్లుడి కొడుకు అమీర్‌పేటలో కోర్సుకెళ్ళాడు, ఈడిని కూడా పంపించీమంటారా, ఆ మిషన్ అమ్మీమంటారా?"

అన్నయ్యా, మిషన్ అమ్మొద్దు. ముందు ఆ మాట చెప్పీసి మిగతావి మాట్లాడతాను. అలాగని మీ కోపం తప్పు కాదు, అందులో సగం న్యాయమే ఉంది, దాని దగ్గరికీ వస్తాను.

మీవాడు చేస్తున్నది ఏటంటే, ఒక పెద్ద కంప్యూటర్ని నాలుగైదు కంప్యూటర్లలా విడగొట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఒక ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి ఒక్కో పోర్షన్‌కి వేరే మీటర్ పెట్టి అద్దెకిచ్చినట్టు, ఒకడి పోర్షన్‌లో ఫ్యూజ్ పోయినా పక్కవాడి లైటు ఆగదు. దాన్ని వర్చువలైజేషన్ అంటారు, బ్యాంకులు, హాస్పిటళ్ళు, కాలేజీలు, ఫోన్లో వాడే యాప్‌ల వెనకాల సర్వర్లు చాలావరకు ఇప్పుడు దీని మీదే నడుస్తున్నాయి. ప్రాక్స్‌మాక్స్ అనేది అలాంటి సాఫ్ట్‌వేరే, ఆస్ట్రియా దేశం వియన్నాలో ఉన్న ఒక కంపెనీ 2008 నుంచి ఇస్తోంది, కోడ్ మొత్తం అందరికీ కనబడేలా పెట్టీసి ఉచితంగా ఇస్తారు, సపోర్ట్ కావాలన్న కంపెనీల దగ్గర సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటారు.

ఇంక బీటా అంటే, మీ బట్టీలో డబ్ల్యూ 320 డబ్బా సీల్ వేసే ముందు గ్రేడింగ్ దగ్గర కూర్చున్న అమ్మలు గుప్పెడు తీసి చూస్తారు కదా, అందులో ముక్క కనబడితే సీల్ పడదు, కొన్నవాడి దగ్గరికి వెళ్ళాక కనబడితే లాటే వెనక్కొస్తుంది. బీటా కూడా ఆ సీల్ పడే ముందు సరుకే. అయితే ఇక్కడ గ్రేడింగ్‌కి కంపెనీ మనుషులు ఎంతమంది ఉన్నా చాలరు, ఎందుకంటే ప్రపంచంలో ఉన్న మదర్‌బోర్డులన్నీ, నెట్‌వర్క్ కార్డులన్నీ, పదేళ్ళ నాటి రెయిడ్ కార్డులన్నీ (నాలుగైదు డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపేవి) వాళ్ళ ల్యాబ్‌లో ఉండవు. మీరు పాత ఇనుము అనుకుంటున్న ఆ సెకండ్ హ్యాండ్ మిషన్ ఉంది చూడండి, అచ్చం అలాంటి మిషన్ వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు, దాని మీద కొత్త వెర్షన్ ఎలా నడుస్తుందో చెప్పగలిగేవాడు మీ అబ్బాయే. అందుకే బయటి మనుషుల్ని టెస్ట్ చేసి చెప్పమని అడుగుతారు, ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తున్నారు, వాడేవాళ్ళు తప్పు కనబడితే చెప్తున్నారు.

ఇదంతా ఉద్యోగానికి పనికొస్తుందా అన్నదే మీ అసలు బెంగ అని నాకు అర్థమైంది. పనికొస్తుంది, కానీ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన కాదు. ఇన్‌స్టాల్ చెయ్యడం ఎవడైనా అరగంటలో చేస్తాడు. మీవాడికి పనికొచ్చేది అతను రాసే బగ్ రిపోర్టు, అంటే తప్పు కనబడినప్పుడు అది ఎక్కడ ఎలా వచ్చిందో రాసి వాళ్ళ బగ్ లిస్టులో పెట్టడం. మీకు ఫోన్ చేసి కనుక్కున్నాను కదా ఇప్పటివరకు ఎన్ని రాసాడని, ఒక్కటీ లేదని మీవాడే అన్నాడు, ఏదైనా పాడైతే మళ్ళీ ఫార్మాట్ చేసీసి మొదట్నుంచి ఎక్కిస్తున్నాడట. అక్కడే రాత్రిళ్ళన్నీ నీళ్ళపాలవుతున్నాయి.

ఈ విషయంలో నాకు దెబ్బ తగిలింది కాబట్టి అంత గట్టిగా చెప్తున్నాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు విజయనగరం వైపు ఒక కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేసాను, పేరొద్దు. సోమవారం ల్యాబ్ ఎగ్జామ్, ఆదివారం సాయంత్రం కొత్త వెర్షన్ ఎలా ఉందో చూద్దామని పిల్లల వీఎంలు (వర్చువల్ మిషన్లు, ఇందాక చెప్పిన పోర్షన్లు) నడుస్తున్న అసలు సర్వర్ మీదే టెస్ట్ వెర్షన్ ఎక్కించీసాను, రీబూట్ కొట్టాక ఇంక ఆ మిషన్ నెట్‌వర్క్‌లో కనబడలేదు. సర్వర్ రూమ్‌కి పరిగెత్తి మానిటర్ తగిలించి చూస్తే లోపల అంతా బానే ఉంది, లాగిన్ అవుతోంది, డిస్కులున్నాయి, నెట్ మాత్రం లేదు. తెల్లారుజామున మూడింటికి అర్థమైంది ఏటంటే, కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) వచ్చాక నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయింది, సెట్టింగ్స్ ఫైల్లో పాత పేరే ఉంది, లేని కార్డు కోసం వీఎంలని నెట్‌వర్క్‌కి కలిపే బ్రిడ్జ్ ఎదురు చూస్తోంది. ఫైల్లో పేరు మార్చడానికి రెండు నిమిషాలు, అది కనిపెట్టడానికి తొమ్మిది గంటలు. ఎగ్జామ్ జరిగింది, నేను ఇంటికెళ్ళి పడుకున్నాను, ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు. ఇప్పటికీ నాకు బాధ అదే, ఆ రాత్రి నేను నేర్చుకున్నది ఎవరికీ కనబడకుండా పోయింది, నా రెజ్యూమెలో కూడా లేదు, రాసి ఉంటే ఇంకో ఊర్లో ఇంకో అడ్మిన్‌కి ఆ తొమ్మిది గంటలు మిగిలేవి. ఇలా దెబ్బతిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, 2025 ఆగస్టులో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 9.0 వెర్షన్‌లో ఆ కార్డు పేర్లు మారకుండా కట్టిపెట్టే టూల్ ఒకటి ఇచ్చారు.

ఇప్పుడు ఈ ముక్క బాబుకి వినిపించండి. నాన్నా, "అప్‌గ్రేడ్ చేసాను, వీఎం ఆన్ అవ్వట్లేదు, ప్లీజ్ హెల్ప్" అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు, అవతలివాడు నీ గదిలో లేడు. ఇలా రాయి: ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వెళ్ళావు, కెర్నల్ నంబర్ ఎంత, మదర్‌బోర్డు మోడలు, నెట్‌వర్క్ కార్డు మోడలు, మొదట ఏం నొక్కావు, తర్వాత ఏం నొక్కావు, ఏమవుతుందనుకున్నావు, నిజానికి ఏమైంది, ఆ టైమ్‌లో లాగ్‌లో (మిషన్ తనే రాసుకునే చిట్టాలో) ఉన్న లైన్లు యథాతథంగా. తర్వాత బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని మళ్ళీ అదే పని చేసి చూడు. "పాత కెర్నల్‌తో పనిచేస్తోంది, కొత్తదానితో మూడుసార్లు చేసినా మూడుసార్లూ ఆగిపోతోంది" అన్న ఒక్క లైను రాసావంటే డెవలపర్ పని సగం నువ్వే చేసినట్టు. రాసే ముందు అదే బగ్ ఇంకెవరైనా పెట్టారేమో వెతుకు, ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే నీ మిషన్ వివరాలు చేర్చు. రిలీజ్ నోట్స్‌లో తెలిసిన సమస్యలని ఒక భాగం ఉంటుంది, అది మొత్తం చదివాకే మిషన్ ముట్టుకో. ఇంకోటి, అందరూ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బానే ఉందంటారు, అసలు తలనొప్పులు పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయ్యేటప్పుడే వస్తాయి, కాబట్టి ముందు పాతది ఎక్కించి, నాలుగు వీఎంలు పెట్టి, బ్యాకప్ తీసి, 8 నుంచి 9కి వెళ్ళడానికి వాళ్ళిచ్చిన చెకింగ్ స్క్రిప్ట్ నడిపి, అప్పుడు అప్‌గ్రేడ్ చేసి చూడు. బ్యాకప్ తీయడమే కాదు, దాన్ని వెనక్కి రీస్టోర్ చేసి వీఎం లేస్తోందో లేదో కూడా చూడాలి, అది మనోళ్ళు ఎవరూ చెయ్యరు.

ఇంగ్లీషు రాదని ఆగిపోకు. తెలుగు మీడియంలో చదివానని చెప్పావట నాన్నతో. వియన్నాలో ఇంట్లో మాట్లాడేది జర్మన్, ఇంగ్లీషు వాళ్ళకీ నేర్చుకున్న భాషే, చిన్న చిన్న వాక్యాలు రాయి చాలు, గ్రామర్ తప్పుంటే ఎవరూ నవ్వరు, కెర్నల్ నంబర్ తప్పుంటే మాత్రం అందరి టైమూ పోతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, పలాసలో మీకు నేను చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ తుఫాను తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మీకే తెలుసు. అప్‌గ్రేడ్ సగంలో కరెంటు పోతే అది బీటా తప్పో కరెంటు తప్పో తేలదు, అలాంటి రిపోర్టుకి విలువుండదు. చిన్న యూపీఎస్ ఒకటి కొనివ్వండి అన్నయ్యా, అంతకుమించి హార్డ్‌వేర్ ఏమీ కొనొద్దు, అడిగినా కొనొద్దు. ర్యామ్ 16 జీబీ ఉంటే ప్రాక్స్‌మాక్స్‌ని వీఎం లోపలే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, నెస్టెడ్ వర్చువలైజేషన్ అంటారు, చిన్న చిన్నవి మూడు పెట్టి క్లస్టర్ (మూడూ కలిసి ఒకటిలా పనిచేసే జట్టు) కూడా కట్టి చూడొచ్చు, పాడైతే ముందే తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్‌కి వెనక్కెళ్తే సరి. కాలేజీ సర్వర్ మీద గానీ, మీ బట్టీ లెక్కలున్న కంప్యూటర్ మీద గానీ బీటా ఎక్కించనని మాత్రం మీ దగ్గర మాటివ్వాలి.

ఉద్యోగాల విషయానికొస్తే ఈ లైనుకి ఇది మంచి కాలం. వీఎంవేర్ అని ఈ రంగంలో పెద్ద కంపెనీ, దాన్ని 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొనుక్కుంది, ఆ వెంటనే డిసెంబర్‌లో ఒకసారి కొనుక్కుని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు అమ్మడం ఆపీసి సబ్‌స్క్రిప్షనే అంది, దాంతో చాలా సంస్థలు వేరే దారి వెతుక్కుంటున్నాయి, అందులో ప్రాక్స్‌మాక్స్, ఎక్స్‌సీపీ-ఎన్‌జీ లాంటివి ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ లోపల ఇంజను కేవీఎం, అది 2007 నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోనే ఉంది, గూగుల్ క్లౌడ్ కూడా కేవీఎం మీదే నడుస్తోంది, కాబట్టి మీవాడు నేర్చుకుంటున్నది ఒక్క ప్రాక్స్‌మాక్స్ కాదు. లినక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్, టెస్టింగ్, ఈ నాలుగు వైపులా వెళ్ళొచ్చు. శ్రీకాకుళంలో ఉండే ఉద్యోగం దొరుకుతుందని మాత్రం నేను ఆశ పెట్టను, వైజాగ్, హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళాలి. ఇంటర్వ్యూలో అందరూ ఒకేలాంటి ప్రాజెక్టు చూపిస్తారు, మీవాడు "ఈ బగ్ నేను పట్టాను, డెవలపర్ అడిగిన ప్రశ్నలివి, నా జవాబులివి, ఫలానా వెర్షన్‌లో సరిచేసారు" అని తేదీలతో సహా తెరిచి చూపించగలిగితే అది ఎవరూ కాదనలేని సాక్ష్యం.

ఇప్పుడు మీ కోపంలో న్యాయం ఉన్న సగం. బ్యాక్‌లాగ్ (ఉండిపోయిన సబ్జెక్టు) ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ డ్రైవ్‌లో కూర్చోనివ్వవు, ఎన్ని బగ్‌లు పట్టాడన్నది చూసే దాకా కూడా రాదు. పైగా బీటా ఏడాదంతా ఉండేది కాదు, 8.0కి 2023 జూన్‌లో బీటా, ఫైనల్ కూడా ఆ నెలలోనే, 9.0కి 2025 జూలైలో బీటా, ఆగస్టు మొదట్లో ఫైనల్. అంటే గట్టిగా పనిచేయాల్సింది రెండు మూడు వారాలు, మిగతా రోజుల్లో వారానికి ఒక రాత్రి, శనివారం చాలు. రోజూ రెండింటి దాకా కూర్చోవడం టెస్టింగ్ కాదు నాన్నా, అలవాటు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉండిపోయిందంటే నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ సిలబస్ మొత్తం ఆ మిషన్ లోపలే ఉంది. పేజింగ్ (మెమరీని ముక్కలుగా పంచడం) చాప్టర్ తెరిచి పక్కన ఒక వీఎం ఆన్ చెయ్యి, గెస్ట్‌కి, అంటే ఆ వీఎంకి ఒక పేజ్ టేబుల్, దాని కింద హోస్ట్, అంటే అసలు మిషన్ చూసుకునేది ఇంకోటి, వాడని మెమరీని బెలూనింగ్‌తో ఎలా వెనక్కి లాక్కుంటుందో కళ్ళతో చూడొచ్చు, రెండు కోర్లున్న మిషన్ మీద ఆరు వీఎంలు పెట్టి లోడ్ ఇస్తే షెడ్యూలింగ్ (ప్రాసెసర్‌ని వంతులవారీగా పంచడం) అంటే ఏంటో నోట్స్ అక్కర్లేకుండా తెలుస్తుంది. చేతిలో ఉన్నదాన్ని పేపర్ మీద పెట్టడం ఒక్కటే నేర్చుకోవాలి, బగ్ రిపోర్టు రాయడం అలవాటైతే అదీ వస్తుంది.

అమీర్‌పేట ఇప్పుడొద్దు. ఫైనల్ ఇయర్‌లో ఖర్చు పెట్టగలిగితే లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే అడ్మిన్ పరీక్ష రాయించండి, అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు, మిషన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు, ఇలాంటి కుర్రాళ్ళకి సరిపోయే పరీక్ష అది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని, కోడ్ అందరికీ కనబడే ప్రాజెక్టుల్లో పనిచేయించే కార్యక్రమం ఒకటుంది, 18 ఏళ్ళు నిండితే చాలు, స్టైపెండ్ ఇస్తారు, కేవీఎంతో కలిసి పనిచేసే క్యూఎము ప్రాజెక్టు అందులో చాలా ఏళ్ళు పాల్గొంది, అయితే దానికి సీ భాష రావాలి, ఇప్పటికి అది దూరం.

సప్లీ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడో ఈరోజే కాలేజీకి ఫోన్ చేసి కనుక్కోమనండి అన్నయ్యా. ఆ మిషన్ మీద చివరిసారి ఏం పాడైందో గుర్తున్నంతవరకు ఒక పేజీ రాసి నాకు పంపించమనండి, ఎలా ఉన్నా పర్లేదు, నేను దిద్ది పంపిస్తాను, సప్లీలు అయ్యాక దాన్నే మొదటి రిపోర్టుగా పెట్టిద్దాం.