బండి నీది, పాలసీ ఇంకా పాత ఓనర్‌ది: ముందు ఇది సరిచేసుకో తమ్ముడూ

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు, విజయవాడలో బీటెక్ సెకండియర్. పది రోజుల క్రితం మా వీధిలోనే ఒకాయన దగ్గర నాన్న నాకు 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ కొనిపెట్టారు, మా ఇంట్లో ఇదే ఫస్ట్ కారు. నాకు లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. ఫుల్ ఇన్సూరెన్స్ ఫిబ్రవరి దాకా ఉంది, ఇప్పుడేం చెయ్యక్కర్లేదు అన్నారు అమ్మినాయన. ఫిబ్రవరిలో రెన్యువల్‌కి ఏజెంట్‌ని అడిగితే థర్డ్ పార్టీ 4,031, ఫుల్ అయితే 11,200 అన్నాడు. అమెరికాలో ఉన్న మా కజిన్ ఏమో టీనేజర్ అంటే ప్రీమియం డబుల్ అవుతుంది, నాన్న పేరు మీదే ఉంచు అంటున్నాడు. ఇంటర్ చదివే మా తమ్ముడు కూడా నేర్చుకుంటానని గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, కారు కొన్నందుకు ముందు కంగ్రాట్స్. ఏజెంట్ చెప్పింది, కజిన్ చెప్పింది తర్వాత చూద్దాం, నీ ఉత్తరంలో నాకు భయం వేసింది మాత్రం ఆ "ఏం చెయ్యక్కర్లేదు" అన్న మాట దగ్గర. అమ్మినాయన మోసం చేద్దామని అని ఉండరు, చాలామంది నిజంగానే అలా అనుకుంటారు, ఇన్సూరెన్స్ బండికి కదా, బండితో పాటే వస్తుంది కదా అని. సగమే నిజం అది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే కొత్త ఓనర్‌కి వస్తుంది, అంటే నీ కారు తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకి పరిహారం దగ్గర ఇబ్బంది ఉండదు. నీ సొంత కారుకి జరిగే డ్యామేజీ మాత్రం అలా రాదు, పాలసీ నీ పేరుకి మారాకే వస్తుంది. ఎందుకంటే కంపెనీ ఒప్పందం చేసుకుంది పాత ఓనర్‌తో, ఆయనకి ఇప్పుడు ఆ కారు లేదు, కారున్న నీతోనేమో కంపెనీకి ఒప్పందమే లేదు, ఇద్దరికీ రూపాయి రాదు.

పటమటలో మా క్లయింట్ ఒకాయనకి సరిగ్గా ఇదే జరిగింది. సెకండ్ హ్యాండ్ కారు కొని ఆర్సీ శ్రద్ధగా మార్పించుకున్నాడు, పాలసీ సంగతి మర్చిపోయాడు. రెండు నెలలకి బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఒరుసుకుపోయి ఎడమవైపు రెండు డోర్లూ లోపలికి పోయాయి. నేను షెడ్‌లోనే ఉన్నా ఆ రోజు. కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చి డోర్ల వంక చూడను కూడా లేదు, ముందు ఆర్సీ అడిగాడు, తర్వాత పాలసీ అడిగాడు, రెండు కాగితాలూ బానెట్ మీద పక్కపక్కన పెట్టి ఓనర్ పేరు దగ్గర వేలు పెట్టాడు, ఒక దాంట్లో ఒక పేరు, ఇంకో దాంట్లో ఇంకో పేరు, అంతే అక్కడితో అయిపోయింది. బిల్లు మొత్తం ఆయన జేబులోంచే. అందుకే అంత గట్టిగా చెప్తున్నా.

కొన్న రోజు నుంచి 14 రోజుల్లోపు కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి, నీకు పది అయిపోయాయి, ఇంకా నాలుగు ఉన్నాయి. ఆర్సీ చేతికొచ్చేదాకా ఆగకు. ఓనర్ మార్పుకి ఆర్టీఓకి ఇచ్చే ఫారం 29, 30 కాపీలు, ఆర్టీఓ అప్లికేషన్ రసీదు, పాత పాలసీ, కొత్తగా నింపి సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం, ఇవి తీసుకుని కంపెనీ బ్రాంచ్‌కి వెళ్ళు, ఆర్సీ మారగానే కాపీ ఇస్తానని అందులోనే రాసి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. ఏజెంట్‌కి వాట్సాప్‌లో ఫొటో పంపేసి అయిపోయింది అనుకోవద్దు. నీ పేరుతో కాగితం వచ్చేదాకా కారు ఇంటి దగ్గరే పెట్టు, కాలేజీకి ఆ నాలుగు రోజులూ బస్సులో వెళ్ళొచ్చు.

ట్రాన్స్‌ఫర్ అప్పుడు కొంచెం డబ్బు కట్టమంటారు, కంగారు పడకు. పాత ఓనర్‌కి నో క్లెయిమ్ బోనస్ ఉండి ఉంటే, అంటే ఎన్‌సీబీ, క్లెయిమ్ పెట్టనందుకు ఇచ్చే డిస్కౌంట్, అది ఆయనది, కారుది కాదు, ఆయన తన తర్వాతి కారుకి వాడుకుంటారు. ఫిబ్రవరి దాకా మిగిలిన రోజులకి ఆ డిస్కౌంట్ తేడా నువ్వు కట్టాలి. కొంతమంది ఏజెంట్లు ఆ ఎన్‌సీబీని అలాగే కంటిన్యూ చేసేద్దాం, ఎవరు చూస్తారు అంటారు, దయచేసి ఒప్పుకోకు, క్లెయిమ్ వచ్చిన రోజు వాళ్ళే చూస్తారు, తప్పు డిక్లరేషన్ అని ఆపేస్తారు. నువ్వు సున్నా నుంచి మొదలుపెట్టు, ఏడాదంతా క్లెయిమ్ లేకపోతే 20 శాతం, అలా వరుసగా ఐదేళ్ళు లేకపోతే 50 శాతం దాకా వెళ్తుంది. గుర్తుపెట్టుకో, ఆ డిస్కౌంట్ సొంత డ్యామేజీ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద ఉండదు.

ఇక మీ కజిన్ చెప్పింది అక్కడికి కరెక్టే, అమెరికాలో ఎవరు నడుపుతారో చూసి రేటు వేస్తారు, పదహారేళ్ళ పిల్లాడిని పాలసీలో చేర్చగానే బిల్లు చూసి అక్కడున్న మనవాళ్ళు గుండె పట్టుకుంటారు. ఇక్కడ ప్రధానంగా చూసేది బండిని, మోడలు, సీసీ, ఎన్నేళ్ళది, ఏ ఊళ్ళో రిజిస్టర్ అయింది, ఇవి. థర్డ్ పార్టీ రేటయితే ప్రభుత్వమే పెడుతుంది, 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 దాటి 1500 సీసీ లోపు కారుకి 3,416, అది పందొమ్మిదేళ్ళ నీకూ అంతే, యాభై ఏళ్ళ మీ నాన్నకీ అంతే. కాబట్టి ప్రీమియం తగ్గుతుందని నాన్న పేరు మీద పెట్టాల్సిన పని లేదు.

పైగా నీ పేరు మీద ఉండటమే మంచిదంటాను, కారణం ఇది. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది, ఆ కవర్ ఆర్సీలోనూ పాలసీలోనూ పేరున్న ఓనర్‌కే, ఆయనకి లైసెన్స్ ఉంటేనే. కారు నాన్న పేరు మీద ఉండి రోజూ నడిపేది నువ్వయితే ఆ 15 లక్షలు నీకు వర్తించవు. లేదూ నాన్న పేరు మీదే ఉంచుతాం అంటే ఉంచండి, అప్పుడు నీకు విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తప్పకుండా తీసుకో.

అన్నట్టు మీ ఏజెంట్ కొటేషన్ ఒకసారి లెక్కేశాను. 3,416కి 18 శాతం జీఎస్టీ 615, కలిపితే సరిగ్గా 4,031. అంటే అందులో ఆ యాక్సిడెంట్ కవర్ లేనే లేదు! వేరే చోట 15 లక్షల కవర్ ఉంటే తప్ప అది తప్పనిసరి. 11,200లో అయినా ఉందో లేదో అడుగు, కొటేషన్ విడదీసి ఇమ్మను, ఏ లైన్‌కి ఎంతో కనపడాలి.

థర్డ్ పార్టీ చాలా, ఫుల్ కావాలా అంటే నీకు ఫుల్లే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది నువ్వు చూసే ఉంటావు, రోజుల తరబడి కార్లు నీళ్ళలో ఉండిపోయాయి, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్ళకి తమ కారు కోసం పైసా రాదు. వరద, దొంగతనం, అగ్గి, నువ్వే రివర్స్‌లో గోడకి గుద్దడం, ఇవన్నీ ఫుల్ పాలసీలోనే. నీళ్ళు దిగాక తొందరపడి స్టార్ట్ చేస్తే ఇంజిన్ పట్టేస్తుంది, ఆ నష్టం మామూలు ఫుల్ పాలసీలో కూడా రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని వేరే యాడ్-ఆన్ ఉంటుంది, మన ఊరికి అది కావాలి, మీ కారు వయసుకి ఇస్తారేమో అడుగు. మీ నాన్న మూడు నాలుగు లక్షలు పెట్టి కొన్న బండి, ఏడాదికి 7,000 తేడా కోసం దాన్ని గాలికి వదిలెయ్యొద్దు.

జీరో డెప్, అంటే పార్టుల ఖరీదులో తరుగు కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్, మాత్రం పాత బండికి అందరూ ఇవ్వరు, ఇస్తే సంతోషం. లేకపోతే ఏమవుతుందో చెప్తా, కొత్తగా నడిపేవాళ్ళకి ముందు పోయేది బంపరే, అది ప్లాస్టిక్, దాని ఖరీదులో సగం తరుగు కింద కోస్తారు. బంపర్ 8,000 అనుకుంటే 4,000 పోతుంది, ఎప్పుడూ కోసే 1,000 ఇంకా పోతుంది, చేతికొచ్చేది 3,000. దానికోసం క్లెయిమ్ పెడితే వచ్చే ఏడాది 20 శాతం పోయినట్టే. కాబట్టి చిన్న గీతలకి మన డబ్బే పెట్టుకోవడం మేలు, ఒక 10,000 అకౌంట్‌లో విడిగా పెట్టి ఉంచు.

ఐదేళ్ళు దాటిన కారుకి ఐడీవీ, అంటే కారు పోతే కంపెనీ ఇచ్చే విలువ, మాట్లాడుకుని పెట్టుకునేదే. తక్కువ పెడితే ప్రీమియం తగ్గిందని ఆనందంగానే ఉంటుంది గానీ కారు దొంగతనం అయితే అంతే ఇస్తారు. మార్కెట్లో ఎంత పలుకుతుందో దానికి దగ్గరగా పెట్టించు. అలాగే ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు థర్డ్ పార్టీ ఆస్తి నష్టం 6,000కి తగ్గించుకుంటారా అని ఒక బాక్స్ వస్తుంది, దానికి టిక్ పెడితే మిగిలేది ఒక వంద, మామూలుగా ఆ కవర్ ఏడున్నర లక్షలు, ఎదుటివాడి కారు హెడ్‌లైట్ కూడా రాదు 6,000కి. ముట్టుకోకు దాన్ని.

తమ్ముడి సంగతి చివర్లో రాశావు గానీ నాకు అదే పెద్ద విషయం. కారుకి లెర్నర్స్ లైసెన్స్ అయినా 18 నిండాలి, అంతకుముందు ఖాళీ రోడ్డు మీద కూడా స్టీరింగ్ ఇవ్వొద్దు. 2019లో సవరించిన చట్టంలో మైనర్ నడిపి పట్టుబడితే తండ్రికో ఓనర్‌కో 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, వాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ వాళ్ళకి కట్టినా ఆ మొత్తం మళ్ళీ ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు, అది లక్షల్లో ఉంటుంది, ఓనర్ అంటే నువ్వే. 18 నిండాక లెర్నర్స్ లైసెన్స్ తీసుకుని, ఎల్ బోర్డులు ముందూ వెనకా పెట్టి, పక్కన లైసెన్స్ ఉన్నవాళ్ళు కూర్చుని నేర్పిస్తే పాలసీకి ఏ ఇబ్బందీ లేదు.

కొత్త పేరుతో కాగితం వచ్చాక ఒక పది నిమిషాలు కూర్చుని ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్, నీ పేరు స్పెల్లింగ్ ఆర్సీతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూసుకో, ఎక్కడైనా తేడా ఉంటే ఆ రోజే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో సవరణ, అడుగు.