అన్న గురించి పది నిమిషాలు

ప్రశ్న: మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అందరం ‘అన్నా’ అని పిలుచుకునే సహోద్యోగి పోయిన నెల గుండెపోటుతో పోయాడు. శనివారం సంస్మరణ సభ. నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాయడానికి కూర్చుంటే ‘అజాతశత్రువు’, ‘తీరని లోటు’ తప్ప ఏమీ రావడం లేదు. ఆయన క్లాసు పిల్లలతో ఎవరి ఊరి నీళ్లు వాళ్లతోనే తెప్పించి ఫ్లోరైడ్ పరీక్ష చేయించేవాడు. గాజు సీసాలో తెస్తే తిప్పి పంపేవాడు. ఆ సంగతులు చెబితే సభకు విసుగొస్తుందని, ఆయన పేరిట గోల్డ్ మెడల్ ప్రకటించి ముగించమని కొందరంటున్నారు. మైకు ముందు ఏడ్చేస్తానేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, నల్లగొండ

జవాబు: నల్లగొండలో ఫ్లోరైడ్ మాటెత్తితే విసుక్కునేదెవరండీ? ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లు సభలో ఉంటే చెవులు రిక్కించి వింటారు.

పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇలాంటి సభలు చాలా చూశాను. ఫొటోకు దండ పడగానే ఒక్కొక్కరూ లేచి ‘వారితో నాకున్న అనుబంధం’ అంటూ తమ గొప్పలే చెప్పుకుని దిగిపోతారు. మీరు ఆ గాజు సీసాతో మొదలుపెట్టండి. ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది, అందుకే ప్లాస్టిక్ సీసా కావాలనేవాడని చెప్పండి. పరీక్షలో వేసే ఎర్ర రంగు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే అంత వెలిసిపోతుంది కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకంలో ఎవరైనా చదువుతారు. తను చిన్నప్పటి నుంచి తాగిన చేతిపంపు నీళ్లు పోయగానే ఆ ఎరుపు పాలిపోతుంటే చూసిన పిల్ల మొహం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. అది చెప్పండి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే ఉంది. అడుగున మిగిలే బురదను ఎక్కడ పోస్తారని ఆయన పిల్లల్ని ఎప్పుడైనా నిలదీశాడా? గుర్తు చేసుకోండి.

ల్యాబ్ అటెండర్‌ను కూడా అడగండి. మనం మరిచిపోయినవి వాళ్లకు గుర్తుంటాయి. వీలైతే మీ పది నిమిషాల్లో రెండు అతనికివ్వండి. ఆయన భార్య ముందు వరుసలోనే కూర్చుంటారు కాబట్టి, చెప్పబోయేది ఒకసారి ఇంటికెళ్లి ఆమెకు వినిపించి రండి. ఏడుపంటారా, వస్తే ఏడవండి. గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ అందుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మెడల్‌కు తొందరేం లేదు. ఇన్నాళ్లూ పిల్లలు తీసిన రీడింగులు రిజిస్టర్లలో ఉండే ఉంటాయి. ఊరు, బోరు, తేదీతో సహా ఉంటే అవి బంగారం. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లొచ్చినా, అప్పటి బోర్లు ఎలా ఉండేవో పోల్చి చూడాలంటే అవే దిక్కు. గది ఇంకొకరికి ఇచ్చారంటే పాత కాగితాల వాడికి పోతాయి. రేపే బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని స్కాన్ చేయించండి.